పద్నాలుగో వరుసలో

ఇకితోస్‌కి రోడ్డు లేదు.
నది ఉంది, ఆకాశం ఉంది.
నదిలో పడవెక్కి, దిగి, బస్సెక్కితే వారం.
ఆకాశంలో రెండు గంటలు.
రెండు గంటలే కదా, అన్నారందరూ,
చంకలో ఎవరూ లేనివాళ్లందరూ.

కౌంటర్‌లో అమ్మాయి కాగితాలు మూడుసార్లు తిరగేసింది.
"వీళ్లమ్మ?"
లిమాలో నర్సు చదువుతోంది, ఏడు నెలలైంది, అన్నాను.
స్కానర్ దగ్గర మళ్లీ, "వీళ్లమ్మ?"
గేటు దగ్గర వేయించిన అరటికాయ తింటున్న ముసలావిడ,
"పాపం, వీళ్లమ్మ?"
యుమీరాకి విసుగొచ్చింది. నాలుగేళ్లది.
"ఈయనే," అంది నన్ను చూపించి.

బూట్లు విప్పమంటారు, బండి మడవమంటారు,
పాలసీసా మూత తీసి చూపించమంటారు
ఒక్క చేత్తో.
రెండో చేతిలో దామసో.
ఇంట్లో బయల్దేరినప్పుడు పదకొండు నెలల బరువు,
ఇక్కడికొచ్చేసరికి తడిసి మోపెడు.
ఒకటి, రెండు, సంచి.
మలుపు మలుపుకీ లెక్క.
ఒకటి, రెండు, సంచి.

నడవలో మేం వస్తుంటే
ముఖాలు ఒక్కొక్కటే కిటికీ వైపు తిరిగిపోయాయి.
తప్పు పట్టను.
నేనూ అలా తిరిగినవాణ్ణే, వీళ్లు పుట్టక ముందు.
మా పక్కన కిటికీ దగ్గర
భుజాలు రెండూ సీటు దాటిన మనిషి.
గోళ్లనిండా పడవ ఇంజన్ల నూనె నలుపు.
పలకరించలేదు. నేనూ పలకరించలేదు.
ఇన్ని సీట్లుండగా ఇతని పక్కనా, అనుకున్నాను మాత్రం.

చక్రాలు నేల వదిలాయి. దామసో అందుకున్నాడు.
కింద నది.
"నాన్నా, దానికన్ని మెలికలెందుకు?"
తిన్నగా నడవడం రాదమ్మా, తమ్ముడిలాగే.
"నాన్నా."
ఊఁ.
"పాస్."
కాసేపాగలేవూ?
"వచ్చేస్తోంది."

ఆ మరుగుదొడ్డి మా కోళ్లగూటికన్నా చిన్నది.
ఒకరు పడతారు, ఇరుక్కుంటే ఒకరున్నర.
ముగ్గురం పట్టం.
లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను.
నూనె మరకల చేతులు రెండు నా ముందుకొచ్చాయి.
"ఇటివ్వండి."
ఇచ్చాను.
పేరైనా అడక్కుండా ఇచ్చేశాను.

లోపల యుమీరా తీరిగ్గా కూర్చుంది.
"ఇది కింద చేపల మీద పడుతుందా?"
పడదు.
"మరి ఎక్కడికి పోతుంది?"
నా ఎడమ చెయ్యి గాల్లో ఒంగే ఉంది,
పిల్లాడి ఆకారంలో.
ఒకటి. ఒకటి. ఒకటే.
విమానంలోంచి ఎక్కడికి పోతాడులే అంది బుద్ధి.
బుద్ధి మాట గుండె విన్నదెప్పుడు?

వచ్చి చూద్దును కదా,
ఆ మనిషి రాట పాతినట్టు కదలకుండా కూర్చున్నాడు.
ఛాతీ మీద దామసో, బోర్లా, నోరు తెరుచుకుని,
చొక్కా పిడికిట బిగించి.
"నిద్రపోయాడు," పెదాలు మాత్రమే కదిలాయి.
తీసుకోబోతే తలడ్డంగా ఊపాడు.
అంతే, ఇంకో మాట లేదు లిమా దాకా.

నా చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను,
ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన వస్తువుల్లా.
కాఫీ ఇచ్చారు. తాగాను.
వేడిగా ఉంది.
కాఫీ వేడిగా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను.

దిగే తోపులాటలో పిల్లాణ్ణి నా భుజాన వేసి
సంచి తగిలించుకుని వెళ్లిపోయాడతను.
థాంక్స్ అన్నాను, ఎవరి వీపుకో తగిలింది.
చంకలో దామసో ఉండగానే
సీటు కింద వంగి వెతికాను వాణ్ణి.
యుమీరా నవ్విన నవ్వు వరుసలన్నీ విన్నాయి.

ఆ రాత్రి ఎర్మీలా గదిలో,
ఆమె వాడి పిడికిలి విప్పి చేతులు కడుగుతుంటే
నల్ల గుండీ ఒకటి, దారంతో సహా.
"ఎవరిదిది?"
పేరు తెలీదు, అన్నాను.

బయట లిమా మంచు మసక.
అందులో ఎక్కడో ఒక మనిషి
రెండో గుండీ లేని చొక్కాతో
పాలవాసనేస్తూ
నడిచి వెళ్తున్నాడు.